నష్టం ఒకచోట, కోత మరోచోట

2024 సెప్టెంబరు నెలాఖరులో విశాఖ ఉక్కు కర్మాగారంలో సుమారు నాలుగు వేలమంది కాంట్రాక్టు కార్మికుల గేటు పాసులు ఆన్‌లైన్‌లో ఆగిపోయాయి. ఏళ్ల తరబడి అదే గేటు దాటి షిఫ్టుకి వెళ్తున్నవాళ్లు ఒక్కసారిగా బయట నిలబడిపోయారు. పెద్ద ఆందోళన జరిగింది. రీజనల్ లేబర్ కమిషనర్ సమక్షంలో ఒప్పందం కుదిరి పాసులు మళ్లీ పనిచేశాయి. కానీ 2025లో తొలగింపులు తిరిగి మొదలయ్యాయి. మే 20 నుంచి కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగారు. అదే ఏడాది పర్మినెంటు ఉద్యోగుల్లో వెయ్యిమందికి పైగా స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద వెళ్లిపోయారు.

ఈ రెండు పరిణామాలకూ యాజమాన్యం పెట్టిన పేరు పునర్వ్యవస్థీకరణ. ఒక పెద్ద కర్మాగారం నష్టాల్లో పడితే అప్పులు, ముడిసరుకు, యంత్రాలు, మార్కెట్, యాజమాన్యం, మనుషులు అన్నిటినీ తిరిగి సరిచేసుకోవాలి. ఆచరణలో మాత్రం చివరిది మొదటికి వస్తుంది. నష్టం ఎక్కడ పుట్టిందో తేలకముందే కోత మనిషి మీద పడుతుంది. మన రెండు రాష్ట్రాల్లో గత నలభై ఏళ్లలో మూతపడ్డ, అమ్ముడుపోయిన, మళ్లీ తెరుచుకున్న కర్మాగారాల చరిత్రను వరుసగా చూస్తే ఈ క్రమం దాదాపు ప్రతిచోటా కనిపిస్తుంది. మిగతా దేశాల అనుభవంతో పోల్చి చూస్తే, ఈ క్రమం తప్పనిసరి కాదని కూడా తెలుస్తుంది.

విశాఖ లెక్కలు

విశాఖ ఉక్కు నుంచే మొదలుపెడదాం. లెక్కలు ఇంత స్పష్టంగా దొరికే కర్మాగారం మనకు ఇంకొకటి లేదు.

ఈ కర్మాగారం కోసం 1966లో జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. 1982లో కర్మాగారాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 'గోదావరి' 1990లో వెలిగింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. శంకుస్థాపనకూ అంకితానికీ మధ్య ఇరవై ఒక్క ఏళ్లు గడిచాయి. ఆ ఆలస్యం ఖర్చంతా రుణంగా, వడ్డీగా కర్మాగారం నెత్తిన పడింది. పూర్తి ఉత్పత్తి మొదలుకాకముందే అది అప్పుల్లో ఉంది. అందుకే 1990లలోనే కేంద్రం రెండు విడతలుగా రుణాలను ఈక్విటీగా, ప్రిఫరెన్స్ షేర్లుగా మార్చవలసి వచ్చింది. సంస్థ ఖాయిలా జాబితా అంచుల దాకా వెళ్లింది.

తరువాత ఏం జరిగిందో గుర్తుపెట్టుకోవాలి. 2002-03లో 521 కోట్ల లాభం వచ్చింది. 2003-04లో 1,547 కోట్లు. 2004-05లో రెండు వేల కోట్లు. పోగైన నష్టాలు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ లాభాలు తెచ్చినవాళ్లు అంతకుముందు నష్టాల్లో పనిచేసిన మనుషులే. మారినవి ఉక్కు ధర, మూలధనం అమరిక, కొలిమి సామర్థ్యం పూర్తిగా వాడుకోవడం. 2010లో నవరత్న హోదా వచ్చింది. సామర్థ్యాన్ని ముప్పై లక్షల టన్నుల నుంచి 63 లక్షలకు, ఆపైన 73 లక్షల టన్నులకు పెంచుకుంటూ పోయారు. ఆ విస్తరణకు సొంత లాభాలు చాలక అప్పులు తెచ్చారు. రాయబరేలీ దగ్గర లాల్‌గంజ్‌లో రైలు చక్రాల కర్మాగారం కూడా ఈ సంస్థ డబ్బుతోనే కట్టారు. విస్తరణ పూర్తయ్యేసరికి ఉక్కు ధరలు పడిపోయాయి. 2015-16 నుంచి మూడేళ్లు వరుసగా నష్టం.

ఇక్కడే ఒక పాత లోటు బయటపడింది. ఈ కర్మాగారానికి సొంత ఇనుప ఖనిజం గనులు లేవు. టాటా స్టీల్‌కీ, ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌కీ సొంత గనులున్నాయి. విశాఖ మాత్రం బైలాడిల్లా ఖనిజాన్ని ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ చెప్పిన ధరకు కొనుక్కోవాలి. ధర పెరిగినప్పుడు ఆ తేడా ఒక్క ఏడాదిలోనే వందల కోట్లకు చేరుతుంది. కోకింగ్ బొగ్గు ఎలాగూ విదేశాలనుంచి రావాలి. సముద్రతీర కర్మాగారం అన్న గొప్ప సౌలభ్యం ఉన్నా, 2024 వేసవిలో గంగవరం పోర్టులో కార్మికుల ఆందోళన వల్ల బొగ్గు అక్కడే ఉండిపోయి కర్మాగారం కోర్టుకి వెళ్లవలసి వచ్చింది. అప్పటికే వర్కింగ్ క్యాపిటల్ లేక ముడిసరుకు కొనే శక్తి తగ్గింది. ముడిసరుకు చాలక కొలిములు ఆపారు. కొలిములు ఆగితే అమ్మకాలు తగ్గాయి. అమ్మకాలు తగ్గితే బ్యాంకులు వెనక్కి జరిగాయి. మూడో కొలిమి 'అన్నపూర్ణ' దాదాపు రెండేళ్లు చల్లగా పడి ఉంది. 2024 సెప్టెంబరులో మూడింటిలో ఒకే ఒక్క కొలిమి నడిచింది. కాంట్రాక్టు కార్మికుల గేటు పాసులు ఆగింది ఆ నెలలోనే.

లాభనష్టాల వరుస చూడండి. 2019-20లో 3,910 కోట్ల నష్టం. 2020-21లో 1,012 కోట్ల నష్టం. 2021-22లో 913 కోట్ల లాభం. 2022-23లో 2,859 కోట్ల నష్టం. 2023-24లో 4,849 కోట్ల నష్టం. ఈ అయిదేళ్లూ పర్మినెంటు ఉద్యోగుల సంఖ్య తగ్గుతూనే వచ్చింది. రిటైరైనవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను తీసుకోలేదు. అయినా మనుషులు అతి తక్కువగా ఉన్న చివరి ఏడాదే అతి పెద్ద నష్టం వచ్చింది. మనుషుల సంఖ్యే నష్టానికి కారణమైతే ఈ వరుస తలకిందులుగా ఉండాలి.

జీతాల భారం లేదని నేను అనడం లేదు. టన్ను ఉక్కుకు ఎందరు మనుషులు అన్న లెక్కలో విశాఖ కొత్త ప్రైవేటు కర్మాగారాలకన్నా వెనకబడే ఉంది. ఉత్పత్తి సగానికి పడిపోయినప్పుడు ఆ లెక్క ఇంకా ఘోరంగా కనిపిస్తుంది, ఎందుకంటే భాగహారంలో కింద ఉన్న టన్నులు తగ్గిపోయాయి. కొలిమి ఆపేసి, ఆ తరువాత మనుషులు ఎక్కువయ్యారని చెప్పడం న్యాయమైన లెక్క కాదు.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఉపసంఘం నూటికి నూరుశాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ఫిబ్రవరి 12 నుంచి కూర్మన్నపాలెంలో రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. ఏళ్లు గడిచినా ఆ శిబిరం ఎత్తలేదు. ఆ పట్టుదలను గౌరవించకుండా 2025 నాటి ప్యాకేజీ గురించి రాయలేం. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్లు ప్రకటించింది. అందులో 10,300 కోట్లు ఈక్విటీ. 1,140 కోట్ల వర్కింగ్ క్యాపిటల్ రుణాన్ని ప్రిఫరెన్స్ షేర్లుగా మార్చారు. అప్పటికి సంస్థ స్వల్పకాలిక బాధ్యతలు 26 వేల కోట్లు దాటి ఉన్నాయి. జనవరిలో రెండు కొలిములు, ఆగస్టుకల్లా మూడు కొలిములు నడపాలన్నది లక్ష్యం. జూన్ చివరినాటికే మూడోది కూడా వెలిగింది.

ప్యాకేజీ కొలిములను వెలిగించింది, నిజమే. అయితే సొంత గనుల మాట అందులో లేదు. సెయిల్‌లో విలీనం మాట లేదు. మనుషుల తగ్గింపు మాత్రం వెంటనే మొదలైంది. మూడు కొలిములూ నడవాల్సిన ఏడాదిలోనే అనుభవజ్ఞులు బయటకు వెళ్లారు. కోక్ ఓవెన్లలో, కొలిమి దగ్గర, స్టీల్ మెల్ట్ షాపులో ఇరవై ఏళ్లు పనిచేసినవాడికి శబ్దాన్ని బట్టి, రంగును బట్టి తెలిసే సంగతులు కొత్తవాడికి నేర్పడానికి ఏళ్లు పడతాయి. ఉక్కు కర్మాగారంలో ఆ తేడా ఉత్పత్తికి మాత్రమే సంబంధించినది కాదు, ప్రాణాలకు సంబంధించినది.

చట్టం ఏం చెబుతుంది, ఎక్కడ వదిలేస్తుంది

మన దేశంలో పెద్ద కర్మాగారం నుంచి మనుషులను తీసేయడం చాలా కష్టమని పారిశ్రామికవేత్తలు దశాబ్దాలుగా చెబుతున్నారు. కాగితం మీద అది నిజం. పారిశ్రామిక వివాదాల చట్టంలో 1976లో చేర్చిన అయిదు-బి అధ్యాయం ప్రకారం 300 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఉన్న సంస్థలు లేఆఫ్‌కీ, రిట్రెంచ్‌మెంట్‌కీ (అంటే ఉద్యోగుల తొలగింపుకీ), మూసివేతకీ ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. 1982 సవరణతో ఆ పరిమితి వందకు దిగింది. రిట్రెంచ్ అయిన కార్మికుడికి పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం పరిహారం.

ఇంత గట్టి చట్టం ఉన్నా 1991 తరువాత లక్షలమంది ఉద్యోగాలు ఎలా పోయాయి? రెండు తలుపులు తెరిచే ఉన్నాయి.

మొదటిది వీఆర్‌ఎస్, అంటే స్వచ్ఛంద పదవీ విరమణ పథకం. కార్మికుడు తనంతట తాను వెళ్తే అది రిట్రెంచ్‌మెంట్ కిందకు రాదని చట్టమే చెబుతుంది. కాబట్టి అనుమతి అక్కర్లేదు. 1992లో కేంద్రం పెట్టిన జాతీయ పునరుద్ధరణ నిధి ఉద్దేశం కార్మికులకు కొత్త పని నేర్పడం, కొత్త ఉపాధి చూపడం. డబ్బులో ఎక్కువ భాగం మాత్రం వీఆర్‌ఎస్ చెల్లింపులకే పోయింది. స్వచ్ఛందం అన్న మాట వెనక ఎన్ని ఒత్తిళ్లు ఉంటాయో ఏ పారిశ్రామికవాడలో అడిగినా చెబుతారు. జీతం నెలల తరబడి విడతలుగా వస్తుంది. ఇంటి అద్దె భత్యం ఆగుతుంది. క్వార్టర్ కరెంటు రేటు పెరుగుతుంది. ప్రమోషన్ ఫైలు కదలదు. సంస్థ రేపో మాపో అమ్ముడుపోతుందన్న మాట క్యాంటీన్‌లో నడుస్తుంది. అప్పుడు ఫారం వస్తుంది, చివరి తేదీతో సహా.

రెండో తలుపు కాంట్రాక్టు. పర్మినెంటు కార్మికుడికున్న రక్షణ కాంట్రాక్టు కార్మికుడికి లేదు. కాంట్రాక్టు ముగిసిందంటే చాలు. 2001లో సెయిల్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఇక్కడ కీలకం. కాంట్రాక్టు విధానాన్ని ప్రభుత్వం నిషేధించినా ఆ కార్మికులు తమంతట తామే ప్రధాన సంస్థ ఉద్యోగులు కారని ఆ తీర్పు చెప్పింది. అది ఉక్కు రంగం నుంచే పుట్టిన తీర్పు. ఆ తరువాత దేశమంతా పెద్ద కర్మాగారాల్లో శాశ్వత స్వభావం ఉన్న పనులు సైతం కాంట్రాక్టుకి మారాయి. విశాఖలో పర్మినెంటు ఉద్యోగుల సంఖ్యకు దాదాపు సమానంగా కాంట్రాక్టు కార్మికులు ఉండటం ఆ క్రమంలో భాగమే.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అనుమతి పరిమితి తిరిగి 300కు పెరిగింది. కాంట్రాక్టు చట్టం వర్తించే పరిమితి ఇరవై మంది నుంచి యాభైకి పెరిగింది. నిర్ణీత కాల నియామకం చట్టబద్ధమైంది. ఆ కాలం ముగిస్తే దాన్ని తొలగింపుగా పరిగణించరు. మంచి మార్పులూ ఉన్నాయి. నిర్ణీత కాల ఉద్యోగికి ఏడాది దాటితే గ్రాట్యుటీ వస్తుంది. రిట్రెంచ్ అయిన కార్మికుడికి పదిహేను రోజుల వేతనం పునర్నైపుణ్య నిధి నుంచి నలభై అయిదు రోజుల్లోగా అతని ఖాతాలో పడాలి. పదిహేను రోజుల జీతంతో ఏ వృత్తి నేర్చుకోగలరన్నది వేరే ప్రశ్న. నా అభిప్రాయంలో ఈ కోడ్‌ల పెద్ద లోపం అది కూడా కాదు. వీఆర్‌ఎస్, కాంట్రాక్టు అనే ఆ రెండు తలుపుల గురించి అవి దాదాపు ఏమీ చేయలేదు.

హైదరాబాద్ నుంచి కాగజ్‌నగర్ దాకా

తెలంగాణలో ఈ చరిత్ర ఇంకా పాతది. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, గడియారాలు చేసింది. అది ముక్కలుగా విడిపోయి ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి, జహీరాబాద్‌లోని వాహనాల విభాగం మహీంద్రా చేతికి వెళ్లాయి. బాలానగర్‌లో కర్మాగారం ఉన్న ప్రభుత్వ ఔషధ సంస్థ ఐడీపీఎల్ 1992లో ఖాయిలా జాబితాకెక్కింది. కొన్నేళ్లకే ఉత్పత్తి నిలిచిపోయింది. 1934లో వరంగల్‌లో వెలసిన ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడింది. అదే ఏడాది బోధన్ నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటు సంస్థకు వెళ్లింది, 2015 డిసెంబరులో అక్కడా లేఆఫ్ బోర్డు పెట్టారు. చెరకు రైతు ఏమయ్యాడన్నది మరో వ్యాసమంత కథ.

వీటిలో ఐడీపీఎల్ కథ ఎక్కువసేపు ఆలోచించదగ్గది. హైదరాబాద్ ఇవాళ ఔషధాల రాజధాని కావడానికి ఆ ప్రభుత్వ కర్మాగారమే కారణమని అందరూ ఒప్పుకుంటారు. డాక్టర్ రెడ్డీస్ వ్యవస్థాపకుడు కె. అంజిరెడ్డి తొలినాళ్లు ఐడీపీఎల్‌లోనే గడిచాయి. అక్కడ రసాయన ప్రక్రియలు నేర్చుకున్న ఎందరో బయటకొచ్చి జీడిమెట్లలో, బొల్లారంలో, పాశమైలారంలో బల్క్ డ్రగ్ యూనిట్లు పెట్టారు. కర్మాగారం పోయినా నైపుణ్యం మిగిలిందని, కాబట్టి మూసివేత వల్ల పెద్ద నష్టం లేదని వాదించేవాళ్లు ఈ ఉదాహరణే చెబుతారు. సగమే చెబుతారు. చదువు, పరిచయాలు, కొంత పెట్టుబడి ఉన్న రసాయన శాస్త్రవేత్తకి ఐడీపీఎల్ మెట్టు అయింది. ప్యాకింగ్ హాల్లో, బాయిలర్ దగ్గర, ల్యాబ్ అటెండరుగా పనిచేసినవాడికి అది ఉద్యోగం మాత్రమే. ఆ ఉద్యోగం పోయాక అలాంటివారికి దొరికే పని మామూలుగా కాంట్రాక్టరు కింద, పాత జీతంలో కొంతభాగానికి. ఒకే మూసివేత ఒకరికి అవకాశం, ఇంకొకరికి పతనం. సగటు లెక్క తీస్తే రెండోవాడు కనపడడు.

తిరిగి తెరుచుకున్న కర్మాగారాల సంగతి కూడా చూడాలి, ఎందుకంటే మన ఊళ్లలో ఆశంతా వాటి మీదే ఉంటుంది. కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు 2014 సెప్టెంబరులో ఆగిపోయింది. నాలుగేళ్ల తరువాత కంపెనీ లా ట్రిబ్యునల్ ద్వారా జేకే పేపర్ దాన్ని తీసుకుంది. రాష్ట్ర ప్రభుత్వం రాయితీలిచ్చింది. మిల్లు కూత మళ్లీ వినపడింది. అది మంచి వార్తే, ఊరంతా ఆ మిల్లు మీదే బతికింది కాబట్టి. అయితే పాత కార్మికులందరికీ పాత హోదా, పాత సర్వీసు తిరిగి దక్కలేదు. రామగుండంలో ఎరువుల కర్మాగారం 1999లో ఆగింది. 2002లో కేంద్రం దాన్ని నడిపిన ఎరువుల సంస్థ ఎఫ్‌సీఐ యూనిట్ల మూసివేత నిర్ణయించి ఉద్యోగులను పంపేసింది. అదే స్థలంలో ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా చేసే ఆర్‌ఎఫ్‌సీఎల్ 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. మధ్యలో ఇరవై రెండేళ్లు. 1999లో నలభై ఏళ్లున్న ఆపరేటర్ ఆ పొగ గొట్టం మళ్లీ పనిచేసేనాటికి అరవై దాటాడు. కర్మాగారం తిరిగి రావడమూ, ఉద్యోగం పోయిన మనిషికి న్యాయం జరగడమూ ఒకటి కావు. మన రాజకీయ ప్రసంగాల్లో ఈ రెండూ ఎప్పుడూ కలిసిపోతాయి.

ఉద్యోగం పోతే ఏం పోతుందో పరిశోధకులు చాలాకాలంగా కొలుస్తున్నారు. 1930ల మొదట్లో ఆస్ట్రియాలోని మారియెన్‌థాల్ అనే మిల్లు గ్రామంలో పరిశోధకులు నెలల తరబడి గడిపారు. మిల్లు మూతపడి ఊరంతా ఖాళీగా ఉంది. కావలసినంత తీరిక ఉన్నా గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకోవడం తగ్గింది. మగవాళ్లు వీధిలో నడిచే వేగం తగ్గింది. అమెరికాలో పెన్సిల్వేనియా కార్మికుల మీద 1993లో వెలువడిన జాకబ్‌సన్, లలోండ్, సల్లివాన్ల అధ్యయనం ఇంకో విషయం చూపింది: దీర్ఘకాలం పనిచేసి తొలగింపుకు గురైనవాళ్లు కొత్త ఉద్యోగం సంపాదించాక కూడా వాళ్ల ఆదాయం ఏళ్ల తరువాత దాదాపు పాతిక శాతం తక్కువగానే ఉండిపోయింది. అహ్మదాబాద్ మిల్లుల్లో లక్షమందికి పైగా పని కోల్పోయాక జాన్ బ్రెమన్ చేసిన అధ్యయనంలో, మిల్లు కార్మికుల కుటుంబాలు తక్కువ కూలి పనుల్లోకి జారి, ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలూ పనికి వెళ్లవలసి రావడం కనిపిస్తుంది. సంస్థల వైపు నుంచి చూసినా ఫలితం అంత ఆశాజనకంగా లేదు. అమెరికన్ పెద్ద కంపెనీలను ఏళ్ల తరబడి గమనించిన వేన్ కాసియో, కేవలం మనుషులను తగ్గించడం వల్ల లాభదాయకత స్థిరంగా మెరుగుపడిందనడానికి ఆధారం దొరకలేదని తేల్చారు.

ఇతర దేశాలు ఏం చేశాయి

జర్మన్ కార్ల సంస్థ ఫోక్స్‌వ్యాగన్ 1993లో ముప్పై వేలమంది మిగులని లెక్క తేలినప్పుడు ఎవరినీ తీసేయలేదు. వారానికి 36 గంటల పనిని 28.8 గంటలకు తగ్గించింది. జీతం కూడా తగ్గింది, సంఘం ఒప్పుకుంది. ముప్పై ఏళ్ల తరువాత చైనా మార్కెట్లో వెనకబడి, ఎలక్ట్రిక్ కార్ల ఖర్చు మోస్తూ అదే సంస్థ మళ్లీ సంక్షోభంలో పడింది. 2024 సెప్టెంబరులో పాత ఉద్యోగ హామీని రద్దు చేసింది. జర్మనీలో కర్మాగారాలు మూసేస్తామన్న మాట మొదటిసారి వినిపించింది. సమ్మెలు జరిగాయి. డిసెంబరు 20న ఒప్పందం కుదిరింది: 2030కల్లా 35 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గుతాయి, కానీ బలవంతపు తొలగింపులు ఉండవు, 2030 దాకా హామీ కొనసాగుతుంది. తగ్గింపు చిన్నది కాదు. కార్మికులు చాలా కోల్పోయారు. అయినా ఆ చర్చ సాధ్యమైంది, ఎందుకంటే ఆ సంస్థ పర్యవేక్షక బోర్డులో సగం స్థానాలు కార్మికుల ప్రతినిధులవి, ఇరవై శాతం ఓటు హక్కు దిగువ సాక్సనీ రాష్ట్రానిది. లెక్కలు వాళ్ల ముందు పరచకుండా కోత మొదలుపెట్టలేరు. విశాఖ ఉక్కులో రాష్ట్ర ప్రభుత్వానికి అలాంటి ఓటు లేదు, భూమి ఇచ్చిన గ్రామాలకు అసలే లేదు.

బ్రిటన్ అనుభవం వేరు. వేల్స్‌లోని పోర్ట్ టాల్బోట్‌లో టాటా స్టీల్ 2024లో రెండు బ్లాస్ట్ ఫర్నేస్‌లనూ ఆపేసింది. 2,800 దాకా ఉద్యోగాలు పోయే పథకం అది. విద్యుత్ కొలిమికి బ్రిటిష్ ప్రభుత్వం 50 కోట్ల పౌండ్లు ఇస్తోంది. కాలుష్యం తగ్గుతుంది, అది కాదనలేని మేలు. కానీ కొత్త కొలిమి రాకముందే పాతవి ఆరిపోయాయి. మధ్య కాలం భారమంతా ఆ ఊరి మీద పడింది. ఏడాది తిరగకుండానే, 2025 ఏప్రిల్‌లో, స్కన్‌థార్ప్‌లో మిగిలిన చివరి కొలిములు ఆరకుండా ఉంచడానికి బ్రిటిష్ పార్లమెంటు శనివారం నాడు సమావేశమై అత్యవసర చట్టం చేసింది. ఉక్కు కొలిమి ఆరితే దేశానికి ఏమవుతుందో స్వేచ్ఛా మార్కెట్‌ను నమ్మిన దేశానికి కూడా చివరికి అర్థమైంది.

మన దేశంలోనే టాటా స్టీల్ జంషెడ్‌పూర్ ఉంది. 1990ల మొదట్లో 78 వేలకు చేరువలో ఉన్న ఉద్యోగుల సంఖ్య పదిహేనేళ్లలో సుమారు సగమైంది. ఉత్పత్తి పెరిగింది. తగ్గింపు ఎప్పుడూ తప్పేనని వాదించేవాళ్లు ఈ ఉదాహరణకు జవాబు చెప్పాలి. నా జవాబు ఇది: అక్కడ తగ్గింపుతోపాటు వేల కోట్లతో ఆధునికీకరణ జరిగింది, సొంత గనులు ఉన్నాయి, వెళ్లినవాళ్లకు ఒకేసారి డబ్బు చేతిలో పెట్టి పంపకుండా రిటైర్మెంటు వయసు దాకా నెలనెలా చెల్లించే పద్ధతి పెట్టారు. యంత్రం మారి పని తగ్గితే మనుషులు తగ్గడం అర్థం చేసుకోగలం. యంత్రం మారకుండా, పని తగ్గకుండా మనుషులను తగ్గిస్తే మిగిలినవాళ్ల మీద రెండు షిఫ్టుల పని పడుతుంది. ఈ తేడాను పట్టించుకోని పునర్వ్యవస్థీకరణ పథకాన్ని నేను సమర్థించలేను.

కాబట్టి ఒక పథకం న్యాయమైనదో కాదో తేల్చడానికి ముందుగా అడగవలసినవి కొన్నే. నష్టంలో వడ్డీ వాటా ఎంత, ముడిసరుకు వాటా ఎంత, ఆగిన ఉత్పత్తి వాటా ఎంత, జీతాల వాటా ఎంత? ఆ వరుసలోనే కోతలూ ఉన్నాయా? కాంట్రాక్టు కార్మికులు లెక్కలో ఉన్నారా? భూములిచ్చిన నిర్వాసితుల సంగతి రాశారా? విశాఖలో అరవైకి పైగా గ్రామాలు కదిలాయి. నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు చేతిలో పట్టుకుని ఇంకా ఉద్యోగం కోసం చూస్తున్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వాళ్లలో కొందరికి కాంట్రాక్టు పనే దక్కింది. ఇప్పుడు ఆ పని కూడా పోతే, ఒకే కుటుంబం ఒకే కర్మాగారం కోసం మొదట భూమినీ తరువాత కూలినీ కోల్పోయినట్టు. విశాఖ ఉక్కుకి సొంత గనులు కేటాయించకుండా ఇంకో వీఆర్‌ఎస్ విడత ప్రకటించడం తప్పు. కాంట్రాక్టరు మారినా పాత కార్మికుడిని కొనసాగించాలన్న షరతు ప్రతి టెండరులోనూ ఉండాలి. ఈ రెండూ ప్రభుత్వాలు చేయగలిగిన పనులే.

చివరిగా, ఏ కర్మాగారంలోనైనా వీఆర్‌ఎస్ ఫారం చేతికి వచ్చిన పాఠకుడికి ఒక మాట. ప్రభుత్వరంగంలో ఎక్కువగా వాడే గుజరాత్ పద్ధతిలో చేసిన సర్వీసుకు ఏడాదికి 35 రోజులు, మిగిలిన సర్వీసుకు ఏడాదికి 25 రోజుల జీతం లెక్క. యాభై ఏళ్ల వయసు, పాతికేళ్ల సర్వీసు, పదేళ్లు మిగిలి ఉన్నవాడికి అది 1,125 రోజులు. అంటే 120 నెలల జీతం వదులుకుని సుమారు 37 నెలల జీతం తీసుకోవడం. అదీ మూలవేతనం, కరువు భత్యం మీదే. అందులో అయిదు లక్షల వరకే ఆదాయపు పన్ను మినహాయింపు. ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్) కింద పింఛను 58 ఏళ్లకు పూర్తిగా వస్తుంది. ముందే తీసుకుంటే ఏడాదికి నాలుగు శాతం చొప్పున జీవితాంతం తగ్గుతుంది. వైద్య సదుపాయం కొనసాగుతుందా, క్వార్టర్ ఎప్పటిలోగా ఖాళీ చేయాలి, గ్రాట్యుటీ, సెలవుల నగదు ఏ తేదీకి చేతికొస్తాయి అన్నవి రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితాన్ని ఇంట్లోవాళ్లతో కూర్చుని చదవండి, మీ యూనియన్ ఆఫీసులో చూపించండి. చివరి తేదీ ముంచుకొస్తోందన్న కారణంతో మాత్రం సంతకం చేయకండి.